సూపర్.ఆన్‌క్రియేట్‌కి ముందా, వెనకా? ఆండ్రాయిడ్‌లో డిపెండెన్సీ ఇంజెక్షన్ కథ

ఈ ఎపిసోడ్ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడతాను. నా పాత ఉద్యోగం రోజులు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఆండ్రాయిడ్ డెవలపర్‌ని. డెలివరీ చేసే అబ్బాయిలు వాడే యాప్ మాది. ఒకరోజు సపోర్ట్ టీమ్ అమ్మాయి నా డెస్క్ దగ్గరికొచ్చి, ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. వెనకాల ట్రాఫిక్ మోత. ఒక కుర్రాడి గొంతు. "అన్నా, కస్టమర్‌కి ఫోన్ చేసి వచ్చేసరికి యాప్ పడిపోతోంది. మళ్లా ఓపెన్ చేస్తే మొదటికొస్తోంది. ఆర్డర్ లేట్ అని నా పైసలు కట్ చేస్తున్రు. జర చూడుండ్రి అన్నా."

అంతే మెసేజ్. పదిహేను సెకన్లు కూడా ఉండదు.

నేను చూశాను. నా ఫోన్‌లో బాగానే ఉంది. టెస్టింగ్ టీమ్ ఫోన్లలోనూ బాగానే ఉంది. ఫోన్ చేసి, మాట్లాడి, వెనక్కి వచ్చినా యాప్ ఎక్కడ వదిలేశామో అక్కడే ఉంది. "అతని ఫోన్‌లో ఏదో ప్రాబ్లం" అని రాసి టికెట్ మూసేశాను. ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఎందుకంటే ప్రాబ్లం అతని ఫోన్‌లో లేదు. నేను రాసిన ఒక లైన్ ఉండాల్సిన చోటుకి సరిగ్గా ఒక లైన్ కింద ఉంది. అంతే తేడా. ఆ లైన్ పని డిపెండెన్సీ ఇంజెక్షన్.

ఆ లైన్ అక్కడికి ఎలా వచ్చింది, అసలు అలాంటి లైన్ మనం చేత్తో రాయాల్సిన అవసరం ఎందుకు వచ్చింది అని వెతుక్కుంటూ పోతే నాకు దాదాపు ముప్ఫై ఏళ్ల చరిత్ర దొరికింది. ఈరోజు అదే కథ.

ముందు డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. మన ఇళ్లల్లో పెళ్లికి వంటమాస్టర్‌ని మాట్లాడతారు కదా. ఆయన వచ్చి ఏం చేస్తాడు? సరుకుల లిస్టు రాసిస్తాడు. బియ్యం ఇంత, కందిపప్పు ఇంత, నూనె ఇన్ని డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఇన్ని. ఆయన కొట్టుకి వెళ్లడు. ఏ కొట్టులో కొన్నారో ఆయనకి అనవసరం. తెచ్చి పెడితే వండుతాడు. మన కోడ్‌లో ఒక క్లాస్ కూడా ఆ వంటమాస్టర్ లాంటిదే. దానికి నెట్‌వర్క్ కావాలి, డేటాబేస్ కావాలి, లొకేషన్ కావాలి. అవన్నీ తనే కొనుక్కొచ్చుకుంటే, అంటే తన లోపలే తయారు చేసుకుంటే, రేపు టెస్టింగ్‌కి నకిలీ నెట్‌వర్క్ పెడదామన్నా కుదరదు. లిస్టు మాత్రం రాసి ఇస్తే, బయటివాళ్లు తెచ్చి చేతిలో పెడతారు. అలా బయటి నుంచి తెచ్చి చేతిలో పెట్టడమే ఇంజెక్షన్.

ఇప్పుడు ఇంకో మాట. సరుకులు తెస్తే సరిపోతుందా? ఎప్పుడు తెచ్చారు అన్నది ముఖ్యం కాదా? పాలు ముందురోజు మధ్యాహ్నమే తెచ్చి పెడితే విరిగిపోతాయి. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే అప్పుడు బియ్యం కోసం బండి పంపిస్తే పరువు పోతుంది. మన కథంతా ఈ "ఎప్పుడు" చుట్టూనే తిరుగుతుంది.

మొదట్లో ఈ ప్రశ్న ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1988లో రాల్ఫ్ జాన్సన్, బ్రయాన్ ఫూట్ రాసిన పేపర్‌లోనే "ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్" అనే మాట కనిపిస్తుంది. మన కోడ్ ఫ్రేమ్‌వర్క్‌ని పిలవడం కాదు, ఫ్రేమ్‌వర్కే మన కోడ్‌ని పిలుస్తుంది అని దాని అర్థం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆండ్రాయిడ్ దగ్గర మళ్లీ పనికొస్తుంది. తర్వాత జావా సర్వర్ల కాలం వచ్చింది. 2002లో రాడ్ జాన్సన్ రాసిన జావా పుస్తకంలోని కోడ్ నుంచే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ పుట్టింది. పీకోకంటైనర్ లాంటివీ వచ్చాయి. అందరూ ఇంచుమించు ఒకే పని చేస్తున్నారు గానీ దానికి సరైన పేరు లేదు. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ ఒక వ్యాసం రాసి, "ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్ అనేది మరీ విశాలమైన మాట, దీన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అందాం" అని తేల్చేశాడు. ఇప్పుడు మనం ఇంటర్వ్యూల్లో బట్టీ పట్టి చెప్పే కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్, సెట్టర్ ఇంజెక్షన్, ఇంటర్‌ఫేస్ ఇంజెక్షన్ అనే మూడు రకాలు ఆ వ్యాసంలోవే.

సర్వర్ ప్రపంచంలో "ఎప్పుడు" అన్నదానికి జవాబు సింపుల్. సర్వర్ ఒకసారి మొదలవుతుంది, నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది. మొదలయ్యేటప్పుడే అన్నీ తయారు చేసి పెట్టుకుంటుంది. దానికి అర నిమిషం పట్టినా ఎవరూ అడగరు. తెల్లవారుజామున అడ్మిన్ ఒక్కడే చూస్తుంటాడు, అతనూ టీ తాగుతుంటాడు.

2007 మార్చిలో గూగుల్ నుంచి గూస్ అనే లైబ్రరీ బయటికొచ్చింది. రాయడం మొదలుపెట్టింది బాబ్ లీ అనే ఇంజినీర్. స్ప్రింగ్‌లో పెద్ద పెద్ద ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు రాయాల్సి వచ్చేది. గూస్‌లో ఇంజెక్ట్ అనే ఒక అనొటేషన్ పెడితే చాలు. నాకు గూస్‌లో ఆసక్తిగా అనిపించింది మాత్రం ఇంకో చిన్న విషయం. అందులో "స్టేజ్" అని ఒక సెట్టింగ్ ఉంది. డెవలప్‌మెంట్ అని పెడితే సింగిల్టన్లు, అంటే యాప్ మొత్తానికి ఒక్కటే ఉండే వస్తువులు, ఎవరైనా అడిగినప్పుడే తయారవుతాయి. ప్రొడక్షన్ అని పెడితే మొదట్లోనే అన్నీ తయారైపోతాయి. ఎందుకు? రాసేవాడికి యాప్ త్వరగా లేవాలి. కస్టమర్ దగ్గరైతే తప్పు ఏదైనా ఉంటే మొదటి క్షణంలోనే బయటపడాలి, మధ్యలో కాదు. అంటే "ఎప్పుడు" అన్నది మన చేతిలో తిప్పుకునే మీట అయింది.

2009లో బాబ్ లీ, రాడ్ జాన్సన్ కలిసి జావాకి ఒక ప్రమాణం తెచ్చారు, జేఎస్ఆర్ 330 అని. పోటీ లైబ్రరీల వాళ్లిద్దరూ కలిసి కూర్చోవడం మంచి ముచ్చటే. మనం ఈరోజుకీ వాడే ఇంజెక్ట్, సింగిల్టన్, ప్రొవైడర్ అనే పేర్లు అక్కడివే. ఆ ప్రొవైడర్ ఏంటంటే, సరుకు కాదు, సరుకుకి చీటీ. "ఇప్పుడే పాలు వద్దు, కావాల్సినప్పుడు ఈ చీటీ చూపిస్తే ఇవ్వండి" అన్నట్టు. చీటీ చేతిలో ఉండటానికి ఖర్చేం కాదు. చూపించినప్పుడే అసలు పని జరుగుతుంది.

సరే, ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం.

2008 అక్టోబర్‌లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ అమ్మకానికి వచ్చింది. హెచ్‌టీసీ తయారు చేసింది, అమెరికాలో టీ-మొబైల్ జీ1 పేరుతో అమ్మారు. ర్యామ్ ఎంతో తెలుసా? 192 ఎంబీ. మీ చేతిలో ఉన్న ఫోన్‌తో పోల్చుకోండి. అందులో ఒక్కో యాప్ వాడుకోగలిగిన హీప్ మెమరీ 16 ఎంబీ. ఇంత ఇరుకు ఇంట్లో సంసారం ఎలా చేయాలి? ఆండ్రాయిడ్ ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. చోటు చాలకపోతే వెనకాల ఉన్న యాప్‌ని చంపేస్తాను, మీరు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ బతికిస్తాను, మీకు తెలియనే తెలియదు అంది. ఇది ఈరోజుకీ అలాగే ఉంది. ర్యామ్ పెరిగింది, యాప్‌ల ఆకలి కూడా పెరిగింది.

ఇలా చంపి బతికించాలంటే, స్క్రీన్‌ని తయారు చేసే అధికారం ఆండ్రాయిడ్ దగ్గరే ఉండాలి కదా. అందుకే యాక్టివిటీ అనే క్లాస్‌ని మనం న్యూ అని రాసి సృష్టించం. ఆండ్రాయిడే సృష్టిస్తుంది, అది కూడా ఖాళీ కన్‌స్ట్రక్టర్‌తో. వంటమాస్టర్‌ని మనం మాట్లాడి ఇంటికి తెచ్చుకోవడం లేదు, ఆండ్రాయిడ్ పంపిస్తోంది. గుమ్మంలోనే సరుకులు చేతికిద్దామంటే ఆ గుమ్మం మనకి తెరవదు. అతను లోపలికి వచ్చేశాక, ఏదో ఒక క్షణంలో, మనం పరుగెత్తి ఇవ్వాలి. 1988 నాటి మాట ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. ఫ్రేమ్‌వర్కే మనల్ని పిలుస్తుంది.

ఫౌలర్ చెప్పిన మూడు రకాల్లో అన్నిటికంటే శుభ్రమైనది కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్. వస్తువు పుట్టేటప్పుడే అన్నీ చేతిలో ఉంటాయి, అర్ధాకలితో ఉండే క్షణమే ఉండదు. అక్కడ "ఎప్పుడు" అనే ప్రశ్నే రాదు. ఆండ్రాయిడ్ యాక్టివిటీలో ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి పుట్టుకకీ, సరుకు అందడానికీ మధ్య ఒక ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఎవరైనా సరుకు అడిగితే యాప్ ఢమాల్. ఆ తర్వాత వచ్చిన ప్రతి లైబ్రరీ ఆ ఖాళీని ఎంత చిన్నది చేయాలా అని తంటాలు పడినదే.

మొదట వచ్చింది రోబోగూస్. మైక్ బర్టన్ అనే డెవలపర్ గూస్‌ని ఆండ్రాయిడ్‌కి తెచ్చాడు. మీ యాక్టివిటీని రోబోయాక్టివిటీ నుంచి తీసుకుంటే చాలు, మిగతాది అది చూసుకునేది. లోపల ఏం చేసేదో చూస్తే ముచ్చటేస్తుంది. మామూలు సరుకుల్ని సూపర్.ఆన్‌క్రియేట్ కంటే ముందే ఇచ్చేసేది. బటన్లు, టెక్స్ట్‌బాక్స్‌లు లాంటి వ్యూలని మాత్రం అప్పుడు ఇవ్వలేదు, ఎందుకంటే లేఅవుట్ ఇంకా తయారే కాలేదు. సెట్‌కంటెంట్‌వ్యూ పిలిచాక, ఆన్‌కంటెంట్‌ఛేంజ్డ్ అనే కబురు వచ్చినప్పుడు వాటిని అందించేది. అంటే ఒకే యాక్టివిటీకి రెండు విడతల్లో వడ్డన. ఇది తెలియనివాళ్లు ఆన్‌క్రియేట్‌లో సెట్‌కంటెంట్‌వ్యూకి ముందు ఒక బటన్‌ని ముట్టుకుని, నల్ పాయింటర్ తెచ్చుకుని, జుట్టు పీక్కునేవాళ్లు.

రోబోగూస్‌కి అసలు జబ్బు వేరే ఉంది. అది యాప్ నడుస్తుండగా రిఫ్లెక్షన్‌తో క్లాసులన్నీ తిరగేసి, ఎవరికి ఏం కావాలో వెతుక్కునేది. సర్వర్ మీద పర్వాలేదు. అప్పటి ఫోన్లలో అది నరకం. డాల్విక్ వర్చువల్ మెషీన్‌కి జిట్ కంపైలర్ వచ్చిందే 2010లో, ఆండ్రాయిడ్ 2.2తో. యాప్ ఐకాన్ నొక్కి జనం చూస్తూ కూర్చునేవాళ్లు. ఎంత దూరం పోయిందంటే, ఆండ్రాయిడ్ అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే మెమరీ గురించి చెప్పే పేజీలో గూస్, రోబోగూస్ పేర్లు పెట్టి మరీ, ఇలాంటి ఫ్రేమ్‌వర్క్‌లకి దూరంగా ఉండండి అని రాశారు. గూగుల్ ఇంట్లో పుట్టిన గూస్‌ని గూగుల్ పేజీయే వద్దంది! అప్పట్లో చాలామంది సీనియర్లు ఆ పేజీ చూపించి, "డీఐ గీఐ ఏం వద్దు, చేత్తో రాసుకో" అనేవాళ్లట. వాళ్లలో ఒకరిద్దరు తర్వాత నాకు టీమ్ లీడ్లు అయ్యారు, 2018లో కూడా అదే పాట.

ఇంతలో బాబ్ లీ గూగుల్ వదిలి 2010లో స్క్వేర్ అనే కంపెనీకి వెళ్లాడు, అక్కడ సీటీవో అయ్యాడు. గూస్ మీద పని చేసిన జెస్సీ విల్సన్ కూడా అక్కడికే చేరాడు. జేక్ వార్టన్ అక్కడే ఉన్నాడు. ఆండ్రాయిడ్ రాసేవాళ్లకి ఈ పేర్లు సినిమా హీరోల పేర్లలాంటివి, తెలియనివాళ్లు నవ్వుకోండి పర్వాలేదు. వీళ్లు డాగర్ తెచ్చారు, 1.0 వెర్షన్ 2013లో వచ్చింది. డాగర్ అంటే బాకు. కానీ పేరులో శ్లేష ఉంది. డైరెక్టెడ్ ఎసిక్లిక్ గ్రాఫ్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే డాగ్ అవుతుంది, దాన్నుంచి డాగర్. ఎవరికి ఎవరు కావాలి అనే సంబంధాల బొమ్మ గీస్తే, అందులో గుండ్రంగా తిరిగి మొదటికి రాకూడదు అన్నమాట.

డాగర్ తెచ్చిన మార్పు కూడా "ఎప్పుడు" గురించే. ఎవరికి ఏం కావాలో వెతికే పనిని ఫోన్‌లో యాప్ నడిచేటప్పటి నుంచి, మన ల్యాప్‌టాప్‌లో కంపైల్ అయ్యేటప్పటికి జరిపింది. లిస్టులో ఉన్న సరుకు ఎక్కడా దొరకదు అనుకోండి, ఆ సంగతి యూజర్ చేతిలో కాదు, మన చేతిలోనే తేలిపోతుంది. అయితే మొదటి డాగర్‌లో కొంత రిఫ్లెక్షన్ మిగిలే ఉంది. 2015లో గూగుల్ వాళ్లు, గ్రెగరీ కిక్ బృందం, డాగర్ 2 తెచ్చి ఆ మిగిలినదీ తీసేశారు. మనిషి చేత్తో రాసినట్టుండే మామూలు జావా కోడ్‌ని అదే తయారు చేస్తుంది. పైన చెప్పిన డాక్యుమెంటేషన్ పేజీ గుర్తుందా? కొన్నాళ్లకి అందులో ఆ హెచ్చరిక పోయి, డాగర్ 2 వాడండి అనే సలహా వచ్చింది.

బాబ్ లీ గురించి ఒక్క మాట. తర్వాతి రోజుల్లో క్యాష్ యాప్ తయారు చేసింది కూడా ఆయనే. 2023 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో వీధిలో కత్తిపోట్లకి చనిపోయాడు. 43 ఏళ్లు. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఎదురుగా స్క్రీన్ మీద ఇంజెక్ట్ అని రాసుంది. కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

సరే. డాగర్ 2 వచ్చింది, కంపైల్ అయ్యేటప్పుడే అన్నీ తేలిపోతున్నాయి, ఇంకేం బాధ? బాధ ఏంటంటే, సరుకులు సిద్ధంగా ఉన్నాయో లేదో కంపైలర్ చెబుతుంది. వాటిని యాక్టివిటీకి ఏ క్షణంలో అందించాలి అన్నది మాత్రం మనం చేత్తో రాసే లైనే. ఆ లైన్ ఎక్కడుందో కంపైలర్ పట్టించుకోదు. 2017లో డాగర్ 2.10తో డాగర్.ఆండ్రాయిడ్ అనే భాగం వచ్చింది. ఆండ్రాయిడ్‌ఇంజెక్షన్.ఇంజెక్ట్ అని ఒక్క లైన్ రాస్తే సరుకులన్నీ వచ్చేస్తాయి. కాకపోతే ఒక షరతు పెట్టారు. యాక్టివిటీలో ఆ లైన్ సూపర్.ఆన్‌క్రియేట్ కంటే ముందే ఉండాలి. ఫ్రాగ్మెంట్‌లో అయితే ఆన్‌అటాచ్‌లో ఉండాలి.

నేను ఏం చేశాను? తర్వాత పెట్టాను. ఎందుకంటే కాలేజీ నుంచీ నాకు నేర్పింది, నేను నా జూనియర్లకి నేర్పింది ఒకటే. ఆన్‌క్రియేట్‌లో మొదటి లైన్ సూపర్.ఆన్‌క్రియేట్. పూజకి ముందు గణపతిని తలుచుకున్నట్టు చేతులు వాటంతట అవే టైప్ చేసేస్తాయి. దాని కింద ఇంజెక్ట్ లైన్ పెట్టాను. యాప్ ఓపెన్ అయింది. పని చేసింది. ఇంకేం కావాలి?

ఇప్పుడు ఆ డెలివరీ కుర్రాడి ఫోన్‌లో ఏం జరిగిందో వరసగా చెప్తాను, జాగ్రత్తగా వినండి. యాప్ మొదటిసారి ఓపెన్ చేసినప్పుడు సూపర్.ఆన్‌క్రియేట్ నడుస్తుంది, అప్పటికి ఫ్రాగ్మెంట్లు ఏమీ లేవు. తర్వాత ఇంజెక్ట్ నడుస్తుంది. ఆ తర్వాత మన కోడ్ ఆర్డర్ చూపించే ఫ్రాగ్మెంట్‌ని తగిలిస్తుంది. ఫ్రాగ్మెంట్ తన సరుకుల కోసం యాక్టివిటీని అడుగుతుంది, యాక్టివిటీ దగ్గర అప్పటికే ఉన్నాయి, ఇస్తుంది. హాయిగా ఉంది. ఇప్పుడు కుర్రాడు కస్టమర్‌కి ఫోన్ చేశాడు. డయలర్ ముందుకొచ్చింది. అతనిది తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్, పక్కన మ్యాప్స్ కూడా నడుస్తోంది. ఆండ్రాయిడ్ మా యాప్‌ని చంపేసింది. చంపే ముందు, ఈ స్క్రీన్ మీద ఈ ఫ్రాగ్మెంట్ ఉంది అని చీటీ రాసుకుంది. అతను తిరిగి వచ్చాడు. ఆండ్రాయిడ్ యాక్టివిటీని మళ్లీ పుట్టించి ఆన్‌క్రియేట్ పిలిచింది. ఈసారి సూపర్.ఆన్‌క్రియేట్ లోపలే ఆ చీటీ తీసి, పాత ఫ్రాగ్మెంట్‌ని మళ్లీ తయారు చేసి యాక్టివిటీకి అతికించింది. ఫ్రాగ్మెంట్ ఆన్‌అటాచ్‌లో సరుకులు అడిగింది. యాక్టివిటీ చేతులు ఖాళీ. ఎందుకంటే ఇంజెక్ట్ లైన్ ఇంకా రాలేదు, అది కింద ఉంది. కాట్లిన్‌లో లేట్‌ఇనిట్ అని రాసుకున్నాం కదా, అంటే "తర్వాత తప్పకుండా ఇస్తాను" అని కంపైలర్‌కి ఒట్టు వేశాం కదా, ఆ ఒట్టు తప్పాం. క్రాష్.

మరి మా దగ్గర ఎందుకు రాలేదు? మా ఫోన్లలో ర్యామ్ ఎక్కువ, ఒక ఫోన్ కాల్‌కి యాప్ చావదు. ఫోన్‌ని అడ్డం తిప్పినా ఇదే క్రాష్ వచ్చేది, అప్పుడు కూడా యాక్టివిటీ మళ్లీ పుడుతుంది కాబట్టి. కానీ మా యాప్‌ని నిలువుగా లాక్ చేసేశాం. బండి మీద ఫోన్ హోల్డర్‌లో పెడితే తిరగకూడదని. ఎర్రర్ ప్రోన్ అనే టూల్ వాడితే, ఈ లైన్ సూపర్ కింద ఉంటే కంపైలే కానివ్వదు. కానీ అది జావా కంపైలర్‌తో పనిచేసే టూల్, మేం రాసింది కాట్లిన్. కాపలా ఉన్న ప్రతి గుమ్మాన్నీ తప్పించుకుంటూ పోయింది ఆ బగ్. మూడు వారాలు. మూడు వారాలు ఆ కుర్రాడూ, అలాంటి ఫోన్లు ఉన్న మిగతావాళ్లూ, కస్టమర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ ఆర్డర్ మొదటి నుంచి వెతుక్కున్నారు.

దొరికింది ఎలాగంటే, టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, ఫ్రెషర్, తన పాత ఫోన్‌లో యాప్ వేసుకుంది. మొదటిరోజే క్రాష్. "అన్నా, నా ఫోన్‌లో ఏదో ప్రాబ్లం అనుకుంటా" అంది. ఆ మాట వినగానే నాకు వాయిస్ మెసేజ్ గుర్తొచ్చింది. క్రాష్ లాగ్ చూసి, రెండు లైన్లు అటూ ఇటూ మార్చాను. కమిట్‌లో తేడా చూస్తే ఒక ఎరుపు లైన్, ఒక పచ్చ లైన్.

యాక్టివిటీ ఒక్కటే అయితే ఇక్కడితో కథ అయిపోయేది. దానికి పైన అప్లికేషన్ అనే క్లాస్ ఉంటుంది, యాప్ మొత్తానికి ఇంటిపెద్ద. చాలామంది అప్లికేషన్ ఆన్‌క్రియేటే మొట్టమొదట నడుస్తుంది అనుకుంటారు. కాదు. ఆండ్రాయిడ్ ముందు అప్లికేషన్‌ని పుట్టిస్తుంది, తర్వాత కంటెంట్ ప్రొవైడర్ల ఆన్‌క్రియేట్‌లు పిలుస్తుంది, ఆ తర్వాతే అప్లికేషన్ ఆన్‌క్రియేట్. ఇంటిపెద్ద నిద్ర లేవకముందే పనివాళ్లు వచ్చేస్తారన్నమాట. ఈ సందుని ఫైర్‌బేస్ తెలివిగా వాడుకుంది. మనం ఒక్క లైన్ కూడా రాయకుండానే ఫైర్‌బేస్ మొదలైపోతుంది కదా, దాని కిటుకు ఒక కంటెంట్ ప్రొవైడరే. అది చూసి మిగతా లైబ్రరీలూ అదే దారి పట్టాయి. ఒక్కో లైబ్రరీకి ఒక్కో ప్రొవైడర్, ఐకాన్ నొక్కగానే అన్నీ క్యూ కట్టి లేవడం. చివరికి గూగుల్ వాళ్లే 2020లో యాప్ స్టార్టప్ అనే లైబ్రరీ తెచ్చి, అందరూ ఒకే ప్రొవైడర్ పంచుకోండి, ఎవరి తర్వాత ఎవరో చెప్పండి అన్నారు.

ఇక్కడ మెల్లగా లేవడం అనేది పరువు సమస్య మాత్రమే కాదు. చచ్చిన యాప్ మొదటి నుంచి లేవడానికి 5 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే ఆండ్రాయిడ్ వైటల్స్ దాన్ని అతి నెమ్మది కింద లెక్కేస్తుంది. కాబట్టి అన్నీ ముందే ఇచ్చేయడం కూడా తప్పే. డాగర్‌లో దీనికి లేజీ అని ఒకటుంది. ప్రొవైడర్ చీటీ లాంటిదే, కానీ తేడా ఉంది. ప్రొవైడర్ చీటీ చూపించిన ప్రతిసారీ కొత్తగా అడిగినట్టే. లేజీ మొదటిసారి చూపించినప్పుడు తెచ్చి, తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే ఇస్తుంది. యూజర్ ఎప్పుడో నెలకోసారి తెరిచే పేమెంట్ స్క్రీన్ సరంజామా అంతా ఐకాన్ నొక్కగానే ఎందుకు? లేజీలో చుట్టి పెట్టండి. అయితే అన్నిటినీ లేజీ చేసేవాళ్లని కూడా చూశాను. అది కూడా తలనొప్పే. తప్పు మొదట్లో కాకుండా, మూడో స్క్రీన్‌లో, డబ్బు కట్టే క్షణంలో బయటపడుతుంది. గూస్‌లో ప్రొడక్షన్ స్టేజ్ అన్నీ ముందే తయారు చేసింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతోందా?

2020 జూన్‌లో హిల్ట్ వచ్చింది. హిల్ట్ అంటే బాకు పిడి. డాగర్‌ని పట్టుకోవడానికి పిడి, పేరు పెట్టినవాడికి దండం. హిల్ట్‌లో ఇంజెక్ట్ లైన్ మనం రాయం. బిల్డ్ సమయంలో మన యాక్టివిటీకీ దాని పేరెంట్ క్లాస్‌కీ మధ్య హిల్ట్ తన సొంత క్లాస్‌ని దూరుస్తుంది. సరుకులు ఎక్కడ అందుతాయి? సూపర్.ఆన్‌క్రియేట్ లోపలే, పాత ఫ్రాగ్మెంట్లు అతుక్కోకముందే. అంటే ఏమైంది? సూపర్.ఆన్‌క్రియేట్ మొదటి లైన్‌గా రాసి, దాని తర్వాతే సరుకులు ముట్టుకోవాలి. నా పాత అలవాటే ఇప్పుడు రైట్! డాగర్.ఆండ్రాయిడ్‌లో సూపర్ కంటే ముందే సరుకులు చేతిలో ఉండేవి, కాబట్టి కొంతమంది సూపర్‌కి ముందే వాటిని వాడుకునేవాళ్లు. వాళ్లు హిల్ట్‌కి మారగానే వాళ్ల యాప్‌లు పడ్డాయి. ఫ్రాగ్మెంట్‌కి ఆన్‌అటాచ్‌లో, సర్వీస్‌కి ఆన్‌క్రియేట్‌లో, బ్రాడ్‌కాస్ట్ రిసీవర్‌కి ఆన్‌రిసీవ్‌లో అందుతాయి. కంటెంట్ ప్రొవైడర్‌కి మాత్రం హిల్ట్ తనంతట తాను ఇవ్వదు, పైన చెప్పిన వరస గొడవ వల్లే. అక్కడ ఎంట్రీ పాయింట్ అనే కిటికీ తెరిచి మనమే చేయి పెట్టి తీసుకోవాలి.

అప్లికేషన్‌కి కూడా అంతే, సూపర్.ఆన్‌క్రియేట్ లోపల. కొత్త యాప్ అయితే ఇది చాలు. పాత యాప్‌ని మారుస్తున్నప్పుడు ఉంటుంది అసలు పండగ. ఏళ్ల తరబడి పేరుకున్న అప్లికేషన్ క్లాస్‌లో ముందు క్రాష్ రిపోర్టింగ్, తర్వాత లాగర్, తర్వాత పాత సెట్టింగ్స్, ఆ తర్వాతే ఇంజెక్షన్ అని ఒక వరస ఉంటుంది. ఆ వరస ఎందుకో రాసినవాడు ఎప్పుడో అమెరికా వెళ్లిపోయి ఉంటాడు. హిల్ట్ పెట్టగానే ఇంజెక్షన్ అన్నిటికంటే ముందుకి దూకుతుంది. పాత సెట్టింగ్స్ ఇంకా రాలేదు, వాటిని నమ్ముకున్న వస్తువు అప్పుడే పుట్టేసింది. దీనికోసమే హిల్ట్‌లో కస్టమ్‌ఇంజెక్ట్ అనే అనొటేషన్ ఉంది. అప్లికేషన్ క్లాస్ మీద పెడితే హిల్ట్ ఆగుతుంది. మీరు కస్టమ్‌ఇంజెక్షన్.ఇంజెక్ట్ అని ఎక్కడ పిలిస్తే అక్కడ ఇస్తుంది. పిలవడం మర్చిపోతే ఇవ్వదు, అంతే. నా ఉద్దేశంలో ఇది ఊతకర్ర. మైగ్రేషన్ అయ్యేదాకా పట్టుకుని, తర్వాత వదిలేయాలి. చేత్తో రాసే ఆ లైన్ ఎంత ప్రమాదమో నాకు బాగా తెలుసు కదా.

ఆ ఖాళీని పూర్తిగా మూసే దారి లేదా అంటే, ఉంది. 2018లో ఆండ్రాయిడ్ 9తో యాప్‌కాంపోనెంట్‌ఫ్యాక్టరీ వచ్చింది. యాక్టివిటీని మీరే కన్‌స్ట్రక్టర్‌లో సరుకులిచ్చి తయారు చేసుకోండి అని ఆ గుమ్మం తెరిచింది. కానీ అంతకంటే పాత ఫోన్లలో అది పని చేయదు, అందుకే చాలా టీమ్‌లు అటు పోలేదు. ఐఫోన్ వాళ్లకీ స్టోరీబోర్డ్‌లతో ఇదే బాధ ఉండేది. 2019లో ఐఓఎస్ 13 వచ్చాకే కంట్రోలర్‌ని సొంత ఇనిషియలైజర్‌తో పుట్టించే వీలు దొరికింది.

మీరు కోడింగ్ చేయకపోయినా ఒక పని చేసి చూడొచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో "డోంట్ కీప్ యాక్టివిటీస్" అని ఒక స్విచ్ ఉంటుంది. ఆన్ చేసి, మీరు రోజూ వాడే యాప్‌లో రెండు మూడు స్క్రీన్లు లోపలికి వెళ్లి, హోమ్ నొక్కి, మళ్లీ తిరిగి రండి. ఏ యాప్ నిలబడుతుందో, ఏది పడుతుందో మీకే కనిపిస్తుంది. అయిపోయాక ఆ స్విచ్ ఆఫ్ చేయడం మర్చిపోకండి, లేకపోతే ఫోన్ మొత్తం మీ మీద పగబట్టినట్టు ఉంటుంది. అప్‌డేట్ పంపిన సాయంత్రం నేను సపోర్ట్ అమ్మాయిని అడిగి ఆ కుర్రాడికి ఫోన్ చేయించాను. ఎత్తలేదు. బండి మీద ఉన్నాడేమో. రెండు రోజుల తర్వాత తనే ఇంకో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఈసారి మ్యాప్ ఆలస్యంగా తెరుచుకుంటోందట.